స్థలం కొనే ముందు ఈసీ తీయించుకుని చదవడం ఎలా?

ఇంటి స్థలం కొనేవారు బయానా ఇవ్వకముందే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, తీసుకోవాలి. ఆ ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు వంటి లావాదేవీల జాబితా ఇది. అమ్మేవారు చూపించే జిరాక్సును నమ్ముకోకుండా మీరే స్వయంగా తీయించుకోండి.

ముందుగా గ్రామం, సర్వే నంబరు, ప్లాటు లేదా ఇంటి నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, చివరి దస్తావేజు నంబరు, దాని సంవత్సరం రాసి పెట్టుకోండి. మీరిచ్చిన వివరాలకు సరిపోయిన లావాదేవీలే ఈసీలో వస్తాయి కాబట్టి, సర్వే నంబరు తరువాతి కాలంలో సబ్ డివిజన్ అయి (భాగాలుగా విడిపోయి) ఉంటే పాత నంబరుతోనూ కొత్త నంబరుతోనూ విడివిడిగా వెతికించాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడేనని నా అభిప్రాయం.

తరువాత ఎన్నేళ్లకు కావాలో నిర్ణయించుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. అంతకు ముందువాటి కోసం ఆ కార్యాలయానికే వెళ్లి, రుసుము చెల్లించి, పాత ఇండెక్సు పుస్తకాల్లో వెతికించాలి. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ 2020 నుంచి తహసీల్దారు కార్యాలయాల్లో జరుగుతున్నందున అటువంటి భూమికి అక్కడి రికార్డు కూడా చూడాలి.

ఈసీ చేతికి వచ్చాక తొందరపడకుండా ఒక్కొక్క వరుస చదవండి. రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు, దస్తావేజు స్వభావం, రాసిన తేదీ, రిజిస్టరైన తేదీ అందులో ఉంటాయి. ఒక దస్తావేజులో కొన్నవారే తరువాతి దస్తావేజులో అమ్మినవారు కావాలి. మధ్యలో ఎవరి పేరైనా తెగిపోతే అది వారసత్వం వల్లనా, వీలునామా వల్లనా అని అడిగి, కాగితాలు చూడాలి. తాకట్టు కనిపిస్తే దాన్ని విడిపించిన దస్తావేజు కూడా కనిపించాలి. భాగపరిష్కారం, దాన సెటిల్‌మెంటు, జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) వంటివి ఉంటే వాటి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకంలోని నకలును రుసుము కట్టి ఎవరైనా పొందవచ్చు.

ఈసీలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన ఆస్తికి చిక్కులు లేవని అర్థం కాదు. రిజిస్టర్ కాని ఒప్పందాలు, దస్తావేజులు బ్యాంకులో ఉంచి నోటిమాటగా పెట్టిన తాకట్టు, పన్ను బకాయిలు అందులో కనబడవు. వీలునామాలు వేరుగా 3వ పుస్తకంలో ఉంటాయి. వీటికి తోడు, దస్తావేజును రాసిన నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయవచ్చు. రిజిస్టరైతే సాధారణంగా అది రాసిన తేదీ నుంచే చెల్లుతుంది. కనుక నిన్న ఎవరికో రాసి ఇచ్చిన దస్తావేజు ఇవాళ్టి ఈసీలో లేకపోయినా రేపు ముందుకు రావచ్చు. అందుకే అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) అమ్మేవారి దగ్గరే ఉన్నాయో లేదో కళ్లారా చూడాలి.

మిగిలిన సొమ్ము ముట్టజెప్పే ముందు మళ్లీ ఒకసారి ఈసీ తీయించండి. రిజిస్ట్రేషన్ పూర్తయిన కొద్ది రోజులకు ఇంకొకటి తీసుకుని, మీ పేరు, విస్తీర్ణం, హద్దులు సరిగా నమోదయ్యాయో లేదో సరిచూసుకోండి.