చిన్న కాఫీ షాపులో గోల తగ్గించే గోనె ఫ్రేములు
బెంగళూరు మల్లేశ్వరంలో మాది 10 అడుగులకి 12 అడుగుల కాఫీ షాపు. టైల్స్ నేల, ఉత్త గోడలు, నలుగురు మాట్లాడితే చాలు సంతలా ఉండేది, పైగా స్టీలు గ్లాసుల చప్పుడు. ప్రశాంతంగా కూర్చుందామని వచ్చినవాళ్ళు పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోతుంటే మనసుకి కష్టంగా ఉండేది.

ఇలా చేశాం. 2 అడుగులకి 4 అడుగులు, 2 అంగుళాల లోతు చెక్క ఫ్రేములు నాలుగు చేయించి, ఒక్కోదాంట్లో 8 నుంచి 10 పాత మందపాటి తువ్వాళ్ళు పరిచి (లాడ్జిలో పక్కన పడేసినవి అడిగితే ఇచ్చారు, వేడినీళ్ళలో ఉతికి రెండు రోజులు ఎండబెట్టాం), పైన కాఫీ గింజలొచ్చే గోనెసంచిని బిగించి స్టేపుల్ కొట్టాం. కూర్చున్నప్పుడు తల ఉండే ఎత్తులో, గోడకి ఒక అంగుళం ఎడంగా తగిలించాలి, ఆ ఖాళీ వల్ల ఇంకాస్త బాగా పనిచేస్తుంది. ఎదురెదురు గోడలు రెండింటికీ పెట్టండి. బరువుంటాయి, ఒక్కోదానికి రెండు స్క్రూలు తప్పనిసరి. కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ బిళ్ళలు కూడా అంటించాం.

ముందూ తర్వాతా ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

బయటి హారన్ల మోత మాత్రం దీంతో ఆగదు, లోపలి ప్రతిధ్వనే తగ్గుతుంది. చెమ్మ పట్టే గోడకి పెడితే వానాకాలంలో బూజు వాసన వస్తుంది, స్టవ్ దగ్గరైతే అసలు వద్దు, గోనె ఇట్టే అంటుకుంటుంది.