7,20,720 లాంటి పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా?

ఆరంకెల సంఖ్య కనబడగానే చెయ్యి క్యాలిక్యులేటర్ వైపు వెళ్తుంది. ఈసారికి దాన్ని పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం, పెన్ను తీసుకోండి. 7,20,720 నాకు చాలా ఇష్టమైన సంఖ్య. దాంతోనే మొదలుపెడదాం.

1. వెంటనే భాగించకండి, ముందు కాసేపు చూడండి. కామాలు తీసేస్తే 720720. అంటే 720 పక్కన మళ్లీ 720. 720 వేలు, దానిమీద ఇంకో 720. వెరసి 720 × 1001. ఏ మూడంకెల్ని రెండుసార్లు వరసగా రాసినా ఇంతే. ఇక 1001 = 7 × 11 × 13. ఈ ఒక్కటీ నోటికి వస్తే సగం పని అయిపోయినట్టే.

2. మిగిలిన 720ని విడగొట్టండి. ఎక్కాలు వచ్చినవాళ్లకి ఇది 8 × 9 × 10 అని తట్టేస్తుంది. అన్నీ కలిపి రాస్తే: 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

3. ఇప్పుడు కారణాంకాలు, అంటే ఈ సంఖ్యను శేషం లేకుండా భాగించేవి, ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతే తెల్లారిపోతుంది. ఇలా ఆలోచించండి: ఒక కారణాంకాన్ని తయారు చేయాలంటే 2ని ఎన్నిసార్లు తీసుకోవచ్చు? అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి, రెండు, మూడు, నాలుగు సార్లు. మొత్తం 5 దారులు. 3కి 3 దారులు. 5, 7, 11, 13 ఒక్కోసారే ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి 2 దారులు: తీసుకోవడం, వదిలేయడం. 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ‘అసలు తీసుకోకపోవడం’ కూడా ఒక దారేనని మర్చిపోయి, 5 బదులు 4 వేస్తారు. అందుకే ప్రతి ఘాతానికీ (2⁴లో పైన ఉన్న 4 లాంటిది) ఒకటి కలిపి గుణించాలి.

4. ఇది వర్గ సంఖ్యా? వర్గ సంఖ్యకి ఘాతాలన్నీ సరి సంఖ్యలే ఉండాలి. ఇక్కడ 5, 7, 11, 13 ఒంటరిగా ఉన్నాయి, కాబట్టి కాదు.

5. 1 నుంచి వరసగా భాగించి చూడండి. 14కి కావాల్సిన 2, 7 ఉన్నాయి. 15కి 3, 5 ఉన్నాయి. 16కి నాలుగు 2లు ఉన్నాయి. అలా 16 దాకా ప్రతి సంఖ్యతోనూ శేషం లేకుండా పోతుంది. 17 దగ్గర 5 మిగులుతుంది. 1 నుంచి 16 వరకు అన్నింటితోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య, అంటే వాటి క.సా.గు., ఇదే. దీనికంటే చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల్లో మించిపోయే సంఖ్యల మీదే శ్రీనివాస రామానుజన్ 1915లో ఒక సుదీర్ఘ పరిశోధన వ్యాసం ప్రచురించారు.

ఇప్పుడు 3,65,365 తీసుకోండి. 365 = 5 × 73, 73 ప్రధాన సంఖ్య. కారణాంకాలు 32 వచ్చాయంటే మీ లెక్క సరిగ్గా నడిచినట్టే.