ఎంత నూరినా కత్తి తెగడం లేదా? ఎక్కడ తేడా వస్తోందో చూడండి

కత్తికి పదును రాకపోతే చాలామంది ముందు రాయిని అనుమానిస్తారు, ఇంకో ఖరీదైన రాయి కొంటారు. పాత తప్పు కొత్త రాయి మీద కూడా అలాగే కొనసాగుతుంది. ఇక్కడ చెప్పేది నీళ్లతో వాడే సానరాయికీ, నున్నటి వాదర ఉన్న వంటింటి కత్తికీ. పళ్లున్న బ్రెడ్ కత్తిని ఈ రాళ్ల మీద పెట్టకండి.

అరగంట నూరినా టమాటా తొక్క మీద జారిపోతోంది

వాదర కొస (కోసే అంచు) దాకా రాయి తగలడం లేదు. కత్తిని మరీ పడుకోబెట్టడంతో కొసకు పైనున్న భాగమే అరుగుతోంది, లేదా పని పూర్తి కాకముందే ఆపేశారు.

వాదర పొడవునా రెండు వైపులా పర్మనెంట్ మార్కర్ పూసి, ఒక్కో వైపు నాలుగైదుసార్లు నూరి చూడండి. కొసన సిరా మిగిలితే కత్తి వెన్ను కాస్త పైకెత్తాలి. కొసన మాత్రమే పోయి పైన మిగిలితే కొంచెం దించాలి. మామూలు స్టీలు కత్తికి వైపుకి 20 డిగ్రీలు చాలు. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తయితే వెన్ను రాయికి 15 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. గట్టి ఉక్కుతో చేసిన పలుచటి జపనీస్ కత్తికి 15 డిగ్రీలు, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు.

ఇక ఎప్పుడు ఆపాలన్నది. ఒక వైపు నూరుతుంటే కొస దాటిన లోహం సన్నటి పొరలా అవతలి వైపుకి తిరుగుతుంది. దాన్నే బర్ అంటారు. నూరని వైపున బొటనవేలిని వెన్ను నుంచి వాదర మీదుగా బయటికి జార్చితే గరుకుగా తగులుతుంది (వాదర వెంబడి పొడవునా మాత్రం ఎప్పుడూ వేలు రాయొద్దు). పిడి దగ్గర నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఆ గరుకు తగిలాకే కత్తి తిప్పాలి. ఇన్నిసార్లు రుద్దాలన్న లెక్క ఏ కత్తికీ కుదరదు. బాగా మొద్దుబారిన కత్తిని 1000 గ్రిట్ (రాయి గరుకుదనం చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి నున్నన) మీద మొదలుపెడితే బర్ రావడానికి చాలాసేపు పడుతుంది, ముందు 300-400 రాయి వాడండి.

నూరగానే కాగితం కోసింది, రెండు రోజులకే మొద్దుబారింది

ఆ కాగితాన్ని కోసింది బర్. వాడకంలో అది మడతపడింది, కింద అసలు వాదర తయారే కాలేదు. చవక స్టీలు మెత్తగా ఉంటుంది కాబట్టి బర్ ఒక పట్టాన ఊడదు. రెండు వైపులా బర్ వచ్చాక ఇటొకసారి, అటొకసారి మారుస్తూ, ఒత్తిడి తగ్గిస్తూ పది పన్నెండుసార్లు నూరండి. చివరికి కత్తి బరువు తప్ప చేతి బలం ఉండకూడదు. తర్వాత తోలు బెల్టు మీదో, పాత జీన్స్ గుడ్డ మీదో వాదరను వెనక్కి లాగుతూ వైపుకి ఐదారుసార్లు. ముందుకి తోస్తే గుడ్డ కోసుకుపోతుంది.

ఇదంతా చేసినా నిలవకపోతే, కోసేది దేని మీదో చూసుకోండి. గ్రానైట్ గట్టు, గాజు పలక, స్టీలు పళ్లెం, ఈ మూడింటి మీదా ఏ పదునూ నిలవదు. చెక్క పలక వాడండి. తరిగిన ఉల్లిపాయల్ని గిన్నెలోకి నెట్టేటప్పుడు వాదరతో గీరకుండా కత్తి వెన్నుతో నెట్టండి.

మొన దగ్గర మాత్రం తెగదు

మొన వంపు తిరిగి ఉంటుంది. చెయ్యి ఒకే ఎత్తులో ఉంచితే అక్కడ రాయి తగలదు. వంపు మొదలయ్యే చోట పిడిని కొద్దిగా పైకెత్తండి.

రాయి నల్లబడి, కత్తి పట్టులేకుండా జారుతోంది

నూరేటప్పుడు వచ్చే బూడిదరంగు బురద మంచిదే, దాన్ని మాటిమాటికీ కడగొద్దు. రాయి మెరిసి నున్నబడితే మాత్రం రంధ్రాల్లో లోహపు పొడి ఇరుక్కుందన్నమాట. రాయి మీద పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీసి, గాజు పలక మీద 220 నంబరు వాటర్ పేపర్ తడిపి పరిచి, గీతలన్నీ పోయేదాకా రుద్దండి. మధ్యలో గుంట పడినా ఇదే వైద్యం. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే గుంట తెలుస్తుంది. నీటి రాయికి నూనె పూయకండి.

నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా, అంటే 10-15 నిమిషాలు నీళ్లలో ఉంచాలి. కొన్నింటికి పైన నీళ్లు చల్లితే సరిపోతుంది, వాటిని నానబెడితే పాడవ్వచ్చు. పెట్టె మీద చదవండి.

ఏ రాయి కొనాలో తేలడం లేదు

ఒక వైపు 400, ఇంకో వైపు 1000 ఉన్నది ఒక్కటి చాలు. పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 6 దాటి ఉండాలి. 3000, 6000 రాళ్లు మెత్తటి స్టీలుకి దండగ. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి కత్తిపీటకూ కొడవలికీ బాగానే పనికొస్తుంది. వంటింటి కత్తికి మాత్రం దాని నున్నటి వైపు కూడా కాస్త గరుకే.

మెషీన్ మీద సాన పట్టించాక వాదర నీలంగా మారింది

నీళ్లు లేకుండా చక్రం మీద నిప్పురవ్వలు వచ్చేలా ఒత్తితే పలుచటి కొస క్షణాల్లో కాలి, ఉక్కు గట్టిదనం పోతుంది. మళ్లీ పదును పెట్టినా అక్కడ నిలవదు. ఆ నీలం భాగమంతా 300-400 రాయి మీద చేత్తో అరగదీసి, కింది మంచి ఉక్కు దాకా వెళ్లాలి.