నోటి వంక చూస్తూ వినండి

మా ఇంట్లో రెండు పిల్లులు. బూడిద రంగు ఆడపిల్లి చుక్కి, ఎర్రచారల మగపిల్లి బంటి. పన్నెండేళ్లుగా వీటి అరుపులు వింటున్నాను. ఎవరైనా "మా పిల్లి అరుస్తోంది, ఎందుకంటారు?" అని అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: అప్పుడు నోరెలా పెట్టింది?

1944లో మిల్‌డ్రెడ్ మోల్క్ అనే ఆవిడ పిల్లి శబ్దాలను నోటిని బట్టే మూడు రకాలు చేశారు. నోరు మూసుకుని చేసేవి, తెరిచి మెల్లగా మూస్తూ చేసేవి, బిగదీసి తెరిచే ఉంచి చేసేవి. ఇంట్లో వాడుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి నాకు దొరకలేదు.

నేను తలుపు తీయగానే చుక్కి తోక నిలబెట్టి, నోరు తెరవకుండానే "ప్ర్‌ర్" అంటుంది. తల్లిపిల్లి పిల్లల్ని పిలిచేదీ ఇలాగే. మీరూ తిరిగి అలాగే అనండి, సంతోషిస్తుంది.

తెరిచి మూసేది మ్యావ్. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ, అది ఎక్కువగా మనుషుల కోసమే. అందుకే ఏ ఇంటి మ్యావ్ ఆ ఇంటిదే. ఓ వారం కాగితం మీద రాసి పెట్టండి: ఎక్కడ నిలబడి అరిచింది, చివర్లో గొంతు పైకి లేచిందా, కిందికి జారిందా, మీరేం చేస్తే ఆపింది. మా బంటి గిన్నె దగ్గర గొంతు పైకి లేపుతాడు. బుట్టలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే అదే మ్యావ్ పొడుగ్గా సాగి కిందికి జారిపోతుంది.

బుసకొడితే అది కోపం అనుకుని తిట్టకండి. చాలాసార్లు అది భయం. ఎత్తుకోకుండా దారి వదిలి పక్కకి జరగండి. కిటికీలోంచి పిట్టను చూస్తూ దవడలు టకటకలాడిస్తే టెన్షన్ పడక్కర్లేదు.

గురగుర దగ్గరే నేను మోసపోయాను. మూడేళ్ల కిందట బంటి మంచం కింద ముడుచుకుని గురగురమంటుంటే హాయిగా ఉన్నాడనుకుని వదిలేశాను. కళ్లు సగం మూసి, చెవులు పక్కలకి వంచి ఉన్నాడు. చెయ్యి వేస్తే పొట్ట రాయిలా ఉంది. రాత్రికి ఇసుక ట్రేలోకి ఐదారుసార్లు వెళ్లి కూర్చుని, లోగొంతుతో మూలిగాడు. ఇసుక మాత్రం పొడిగానే ఉంది. మూత్రం అడ్డుపడింది! అర్ధరాత్రి డాక్టరు గొట్టం వేసి తీశారు కాబట్టి దక్కాడు. పిల్లులు నొప్పిలోనూ, ఈనేటప్పుడూ గురగురమంటాయని అప్పుడే తెలిసింది. ఆ శబ్దం వింటే ఒళ్లు వదులుగా ఉందో లేదో చూడండి. మగపిల్లి ట్రేలో ముక్కుతున్నా మూత్రం రావట్లేదంటే తెల్లారేదాకా ఆగకండి.

ముసలి పిల్లి రాత్రిళ్లు కొత్తగా అరవడం మొదలుపెడితే వయసని సరిపెట్టుకోకండి. థైరాయిడ్, బీపీ చూపించండి. పోయినేడాది చుక్కి హాల్లో నిలబడి గోడ వైపు తిరిగి అరిచేది. పరీక్షలో థైరాయిడ్ అని తేలింది. మాత్రలు పడ్డాక రాత్రిళ్లు నా కాళ్ల దగ్గరే పడుకుంటోంది. నేను కదిలితే నిద్రలోనే "ప్ర్‌ర్" అంటుంది.