క్వారీ తవ్వి వదిలేసిన నేలను మళ్లీ నిలబెట్టడం ఎలా?

గుంటూరు నుంచి తెనాలి వెళ్తూ వడ్లమూడి, చేబ్రోలు చుట్టుపక్కల రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే గ్రావెల్ గుంతలు కనిపిస్తాయి. కొన్ని తాటిచెట్టంత లోతు. లారీలు వెళ్లిపోయాయి, గుంతలు మిగిలిపోయాయి. వానొచ్చినప్పుడల్లా అంచులు కోసుకుపోయి పక్క పొలాన్నీ లాక్కుంటున్నాయి.

అలాంటి ఒక గుంత అంచున మేం జులైలో మొక్కలు నాటాం. పాదులు తీశాం, నీళ్లు మోశాం. అక్టోబరులో తుపాను వాన ఒక్కటి పడేసరికి మొక్కలతో సహా అంచే జారిపోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అందుకే గట్టిగా చెబుతున్నా: ముందు నీళ్లు, తర్వాత మట్టి, ఆ తర్వాతే మొక్క.

పని మొదలుపెట్టే ముందు

నేల ఎవరిదో తేల్చుకోండి. పట్టానా, అసైన్డా, పోరంబోకా అన్నది తహసీల్దారు ఆఫీసులో తెలుస్తుంది. లీజు ఉందో లేదో గనుల శాఖను అడగండి. తవ్విన చోట మళ్లీ గడ్డి పెంచడం లీజు షరతుగా ఉండాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కేంద్రానికి చెప్పింది. కాబట్టి లీజుదారు ఉంటే ఈ ఖర్చు ఆయన పెట్టుకోవాల్సిందే. గనుల ప్రభావం పడిన ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి కూడా ఉంది, గ్రామ సభలో తీర్మానం చేసి అడగండి.

నిలువు గోడ కింద ఎవరినీ నిలబడనివ్వకండి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో వానకు తడిసిన కొండ నుంచి రాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. తడిసిన వాలు చెప్పి జారదు. అంచు చుట్టూ ముళ్లకంపో కంచో వేయండి. వేసవి సెలవుల్లో ఈతకు దిగే పిల్లల కోసమైనా ఇది తప్పనిసరి.

నీటికి దారి

ఒక మంచి వానలో గొడుగేసుకుని అంచుకు దూరంగా తిరగండి. నీళ్లు ఎక్కడ నుంచి వచ్చి ఎక్కడ గుంతలోకి దూకుతున్నాయో చూసి కర్రలు పాతండి. మిగతా పని ఏప్రిల్, మే నెలల్లో చేసుకోవాలి.

గుంతకు ఎగువన, అంచుకు కొన్ని మీటర్లు వెనక్కి ఒక కాలువ తీసి ఆ నీటిని పక్కకు మళ్లించండి. అన్ని పనుల్లోకీ విలువైనది ఇదే. తర్వాత పొక్లెయిన్ పెట్టి నిలువు గోడను వాలు చేయించండి. ఒక మీటరు ఎత్తుకు కనీసం రెండు మీటర్ల అడ్డం ఉండాలి, మూడైతే ఇంకా మేలు. గోడ బాగా ఎత్తయితే మెట్లు మెట్లుగా కోయించాలి. పేరేచర్ల వైపు ఉన్నటువంటి రాతి క్వారీలో గోడను ఇలా వాలు చేయడం కుదరదు. అక్కడ కంచె వేసి, రాయి తీసినప్పుడు ఏర్పడిన మెట్ల మీద మట్టి నింపి గడ్డి పెంచడమే దారి.

ఇప్పుడు మట్టం చూడాలి. సర్వే యంత్రం అక్కర్లేదు. మనిషెత్తు సరుగుడు కర్రలు రెండు తీసుకుని పైన కట్టి కాళ్లు విడదీయండి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. కొన నుంచి తాడు వేలాడదీసి దానికి రాయి కట్టండి. రెండు మేకుల మీద కాళ్లు ఆనించి, తాడు అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి. కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ గీత పెట్టండి. రెండు గీతల నడిమధ్యే మట్టం. ఇక ఒక కాలు కదపకుండా, రెండో కాలిని తాడు ఆ గుర్తు మీదికొచ్చే చోట ఆనించి మేకు పాతుతూ పోతే ఒకే ఎత్తులో గీత వస్తుంది. మొదటిసారి చేసినప్పుడు, కంటికి చదునుగా కనిపించిన నేల ఎంత వాలుందో చూసి ఆశ్చర్యపోయాను.

ఆ గీత వెంట అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు కందకాలు తీసి మట్టిని దిగువ వైపు వేయండి. ఇటుకల వరసలా ఒకదాని ఖాళీకి ఎదురుగా ఇంకొకటి రావాలి. ఇవి ఓ మోస్తరు వాలు మీదే. కొత్తగా పోసిన మట్టి వాలు మీద కందకం తీస్తే నీళ్లు లోపలికి ఇంకి వాలే జారుతుంది. అక్కడ కొబ్బరి పీచు వల పరిచి గడ్డి వేయడమే మంచిది.

కోసుకుపోయిన గండ్లకు రాతి కట్టలు వేయండి. ఎత్తు మీటరు దాటకూడదు. రెండు చివరలూ గట్టు లోపలికి అడుగు, అడుగున్నర దూరాలి. కట్ట నడుమ పక్కల కంటే పల్లంగా ఉండాలి. అలా లేకపోతే నీళ్లు పక్కనుంచి తిరిగి కొత్త గండి కొడతాయి. చాలా కట్టలు ఇక్కడే పాడవుతాయి.

మట్టి, గడ్డి, చెట్లు

తవ్వేటప్పుడు పక్కన పోసిన పైమట్టి ఉంటే అదే బంగారం. లేకపోతే చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి పరచండి. తొలకరికి జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నండి. మన దగ్గర మిరప కోతలయ్యాక కట్టెను పొలంలోనే తగలబెడుతుంటారు. ఆ కట్టె తెచ్చి వాలుకు అడ్డంగా వరసలుగా పరిచి మేకులతో బిగిస్తే చిన్న పాయలు కోయకుండా ఆపుతుంది, తర్వాత కుళ్లి ఎరువవుతుంది.

వాలు మీద వట్టివేరు పిలకలు జానెడు దూరం కూడా వదలకుండా మట్టం గీత వెంటే నాటాలి. దాని వేరు రెండు, మూడు మీటర్లు నిలువుగా దిగుతుంది. వరసల మధ్య అంజన గడ్డి, స్టైలో అనే పశుగ్రాసం విత్తనాలు చల్లండి. చెట్లు రెండో ఏడాది: కానుగ, వేప, రేల, సీతాఫలం. కొండపల్లి వైపైతే బొమ్మలకు వాడే తెల్లపొణికి కూడా నాటండి, ఆ చెట్లు కరువైపోతున్నాయి. సర్కారు తుమ్మ మాత్రం వద్దు, దాని కింద ఇంకేదీ బతకదు.

అడుగున ఏడాదంతా నీళ్లుంటే పూడ్చాలని టెన్షన్ పడకండి. ఒక వైపు మెల్లగా దిగే వాలు చేస్తే గొడ్లకు నీళ్లకుంట అవుతుంది. చెత్తతో మాత్రం నింపనివ్వకండి, ఆ మురికంతా పక్కనున్న బోరులోకే వస్తుంది.

రెండేళ్లు గొడ్లను తోలకండి. పెద్ద వాన పడిన ప్రతిసారీ మర్నాడు పార పట్టుకుని వెళ్లి చూడండి. కదిలిన రాయిని ఆ రోజే సర్దితే పదినిమిషాల పని, వదిలేస్తే మళ్లీ పొక్లెయిన్ పిలవాల్సి వస్తుంది. కట్ట వెనక ఒండ్రు నిండి దాని మీద గడ్డి మొలిస్తే, పైన ఇంకో వరస రాళ్లు పేర్చండి.