ఆరేళ్ల దవడ పన్నును గుర్తుపట్టడం ఎలా

‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అన్న మాట మా కోనసీమ ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. మా మేనకోడలికి ఏడో ఏట చివరి దవడ పన్ను పిప్పిపట్టినప్పుడు మేమూ అలాగే అనుకుని ఏడాదిపాటు వదిలేశాం; తీరా చూస్తే అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండవలసిన పన్ను.

పాలపళ్ల మొగ్గలు తల్లి కడుపులో ఆరో వారం నాటికే మొదలవుతాయి, నాలుగో నెలలో గట్టిపడతాయి. ఆరేళ్లకు బయటికి వచ్చే ఆ పెద్ద దవడ పన్నయితే బిడ్డ పుట్టే వేళకే ఎముకలో గట్టిపడడం మొదలుపెడుతుంది.

నెలకొకసారి, పగటి వెలుతురులో వీధి అరుగు మీద కూర్చుని, బిడ్డ తల ఒడిలో పెట్టుకుని, సబ్బుతో కడిగిన వేలితో పెదవిని తప్పించి చూడండి. కనిపించిన పన్నునూ తేదీనీ టీకాల కార్డు వెనుక రాసుకోండి. సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య కింది ముందుపళ్లు, ఆ వెనుక పైవి వస్తాయి. మూడేళ్లకు 20 పాలపళ్లూ పూర్తవుతాయి. పైపన్ను ముందొస్తే మేనమామకు గండమని పెద్దలు భయపడతారు గాని, ఈ వరుస కొందరిలో మారుతుంది, అందులో కీడేమీ లేదు. 18 నెలలకూ ఒక్క పన్నూ రాకపోతే మాత్రం దంతవైద్యునికి చూపించాలి.

పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారడం, చిగురు వాయడం, చిరాకు సహజం; చల్లని శుభ్రమైన తడిబట్ట నమలనిస్తే చాలు. విరేచనాలను, ఎక్కువ జ్వరాన్ని పళ్లకు అంటగట్టి ఊరుకోవడం ప్రమాదం: వెంటనే ఓఆర్‌ఎస్ పట్టించి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఆరేళ్లకు వద్దాం. పై దవడలోనైనా కింది దవడలోనైనా నడిమి నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి: ఒకటి నుంచి అయిదు వరకు పాలపళ్లు, ఆరోది పెద్ద దవడ పన్ను. ఏ పాలపన్నూ ఊడకుండానే, వెనుక ఖాళీగా ఉన్న చిగురును చీల్చుకుని వస్తుంది కనుకనే ఎవరూ దాన్ని గుర్తించరు. పైకి వచ్చాక కూడా కొన్ని నెలలు మిగిలిన పళ్లకంటే కిందుగానే ఉంటుంది కాబట్టి మామూలుగా తోమితే బ్రష్ దానికి అందదు. బుగ్గ పక్కనుంచి అడ్డంగా పెట్టి, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమాలి. దాని లోతైన గాడుల్లో బెల్లం పాకం, పూతరేకుల చక్కెర నిలిచిపోతాయి. ఆ గాడులను పలచని పూతతో మూయించవచ్చు; దంతవైద్యుణ్ణి అడగండి.

ముందుపళ్ల సంగతి వేరు. కింది నుంచి పెద్దపన్ను వచ్చేకొద్దీ పాలపన్ను వేరును శరీరమే కరిగించేస్తుంది. ఊడిన పన్నును పేడలో పెట్టి పెంకుల మీదికి విసిరే ముందు చూస్తే వేరు దాదాపు కనిపించదు. ఒక్కోసారి పాలపన్ను ఊడకముందే దాని వెనుక కొత్తది మొలిచి రెండు వరుసలు కనిపిస్తాయి. పాలపన్ను కదులుతుంటే దాన్ని పిల్లలనే కదుపుకోనివ్వండి. కొన్ని వారాలైనా కదలకపోతే వైద్యునిచేత తీయించండి.