చైనా ధరల లెక్క తీయడం: పెన్సిలిన్ ముడిసరుకుతో ఒక నమూనా

చైనా ఆర్థిక వ్యవస్థ ఎటు పోతోందని మొదలుపెడితే ఎంత చదివినా తేలదు. జీడిమెట్ల, పాశమైలారం బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లకు అక్కరకొచ్చే చిన్న ప్రశ్న పట్టుకోండి: అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ తయారీకి వాడే 6-ఏపీఏ (పెన్సిలిన్-జి నుంచి తీసే రసాయనం) ధర పడితే ఎందుకు పడింది, ఎన్నాళ్లు నిలుస్తుంది?

6-ఏపీఏ కూడా చేరే పెన్సిలిన్లు, వాటి ఉత్పన్నాల హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) 294110. మొదటి ఆరు అంకెలే అన్ని దేశాలకూ ఒకటి, ఆపైన ఎవరివి వాళ్లవి. కాబట్టి పోలిక అక్కడికే పరిమితం చేయండి. మన వాణిజ్య శాఖ పోర్టల్ నుంచి దిగుమతులు, చైనా కస్టమ్స్ సైట్ నుంచి ఎగుమతులు, కనీసం 36 నెలలవి దించుకుని, విలువను కిలోలతో భాగించండి. వచ్చేది సగటు ధరే. కోడ్‌లో ఖరీదైన సరుకు వాటా పెరిగినా అది పెరుగుతుంది.

రెండువైపుల అంకెలూ కలవవు. వాళ్లు ఓడ ఎక్కించే వరకు అయిన విలువ రాస్తారు, మనం రవాణా, బీమా కలిపి రాస్తాం. సరుకు సముద్రం మీదుండగానే నెల మారిపోతుంది. తేడా ఎప్పుడూ ఒకే తీరులో ఉంటే వదిలేయండి, ఉన్నట్టుండి పెరిగితే తవ్వండి.

ఎక్కువమంది బోల్తాపడేది క్యాలెండర్ దగ్గర. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, వాళ్లది జనవరిలో. పైగా వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు ఒక ఏడాది జనవరిలో, ఇంకో ఏడాది ఫిబ్రవరిలో పడతాయి. ఆ రెండు నెలలనూ కలిపే చూడండి. చైనా పారిశ్రామికోత్పత్తి అంకెలో మరో చిక్కుంది: అది ఏడాదికి 2 కోట్ల యువాన్లకు పైగా ఆదాయమున్న సంస్థలదే, ఆ జాబితా ఏటా మారుతుంది. పాత మొత్తంతో మీరు కట్టిన శాతం వాళ్లు ప్రకటించిన వృద్ధితో సరిపోదు.

ఇక కారణం. చైనా ఉత్పత్తిదారుల ధరల సూచీ, అంటే ఫ్యాక్టరీలు సరుకు అమ్మే ధరల కొలత, 2022 అక్టోబర్ నుంచి మూడేళ్లకు పైగా కిందటేడుతో పోలిస్తే మైనస్‌లోనే నడిచింది. మీ ధర దాంతోపాటే జారితే అక్కడి మొత్తం పరిశ్రమ పరిస్థితిని అనుమానించాలి. అంతకన్నా బాగా పడితే ఈ సరుకులోనే ఏదో జరిగింది. 2024లో కాకినాడలో పెన్సిలిన్-జి తయారీ మొదలైంది, ఆ ముందు వెనుకల కదలికను విడిగా గీయండి. అయితే ధర పడినంత మాత్రాన డంపింగ్ అనకండి. చైనా లోపలి అమ్మకం ధరకన్నా తక్కువకు ఎగుమతి చేశారని చూపాలి.

ఈ దిగుమతుల మీద సుంకం వేయమని ప్రభుత్వాన్ని అడిగే ముందు అవతలి లెక్కా కట్టండి. అమాక్సిసిలిన్ నిత్యావసర మందుల జాబితాలో ఉంది, గరిష్ట ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ముడిసరుకు ధర పెరిగితే ఫార్ములేషన్ యూనిట్ (మాత్రలు, క్యాప్సూళ్లు చేసేది) ఆ భారాన్ని కొనేవాడి మీద వేయలేకపోవచ్చు. అణుభారాల నిష్పత్తి (216:365) ప్రకారం 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు దాదాపు 0.3 గ్రాముల 6-ఏపీఏ కావాలి. కిలోకు 600 రూపాయలు పెరిగితే క్యాప్సూల్‌కు 18 పైసలు, తయారీలో పోయేది కలిపితే ఇంకాస్త. ఈ పైసల లెక్కను నివేదిక మొదటి పేజీలోనే పెట్టండి.